నన్ను ముట్టనివ్వని పాలిష్ మిషన్

మా అన్న పాలిష్ మిషన్ కొన్నది నా భుజం కోసమేనని అనుకున్నాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పాల్వంచ దాటి భద్రాచలం వెళ్లే రోడ్డు మీద, ఇళ్లు పలచబడి అడవి మొదలయ్యే చోట మా అన్నకు కార్లు కడిగే షెడ్డు ఉంది. ఒక బోరు, పైన రేకులు, కారు ఎక్కించి అడుగు భాగం కడగడానికి సిమెంటు దిమ్మెలు, పక్కన సామాను పెట్టుకునే చిన్న గది. నా భర్త బొగ్గు టిప్పర్ నడుపుతాడు. ఏ రోజు ఇంట్లో ఉంటాడో ఏ రోజు లోడు మీద పోతాడో ఆయనకే తెలియదు. పిల్లలు బడికి పోయాక నేను ఖాళీగానే ఉంటున్నానని అన్న పిలిస్తే షెడ్డుకు వెళ్లాను. వదిన అప్పటికే అక్కడ మ్యాట్లు ఉతికేది, సీట్లు తుడిచేది. నీళ్లు కొట్టే ప్రెషర్ గన్ అన్న చేతిలో ఉండేది. వ్యాక్స్ పని నాకు అప్పజెప్పారు.

వ్యాక్స్ పెట్టడం చూడ్డానికి చాలా తేలిక. కారు శుభ్రంగా కడిగి, చుక్క తడి లేకుండా తుడిచి, నీడలో పెట్టాలి. డబ్బాలోని వ్యాక్స్‌ను స్పాంజికి కొద్దిగా అద్దుకుని కారు రేకు మీద పలచగా పూయాలి. కాసేపటికి అది మంచు పట్టినట్టు తెల్లబడుతుంది. అప్పుడు మెత్తటి గుడ్డతో తుడిచేస్తే కింద మెరుపు కనిపిస్తుంది. ఇంతే. కానీ మా రోడ్డు మీదికి వచ్చే కార్లు అంత శుభ్రంగా రావు. ఒకవైపు థర్మల్ కరెంటు కేంద్రం బూడిద, ఒకవైపు బొగ్గు లారీల దుమ్ము. అడవిలోంచి వచ్చిన కార్ల మీద చెట్ల జిగురు, అద్దాలకు కొట్టుకుని చచ్చిన పురుగులు. భద్రాచలంలో పూజ చేయించుకొచ్చిన కొత్త కార్ల బానెట్ మీద పసుపు, కుంకుమ. తెల్ల కారు మీద ఆ పసుపు ఎండలో ఒకరోజు ఉందంటే ఇక అది మన భుజం ఊడదీసిగానీ వదలదు.

నా కుడి భుజం అలాగే పోయింది. మొదట రాత్రిపూట సలిపేది. తర్వాత కారు పైకప్పు మీదికి చెయ్యి చాపితే మెడ దాకా లాగేది. ఒక పొద్దున జడ వేసుకుందామని చెయ్యెత్తితే చెవి దగ్గరే ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా పైకి పోలేదు. నా కూతురే జడ వేసింది. పాల్వంచ దవాఖానాలో డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, భుజం బిగుసుకుపోయిందని చెప్పింది.

"ఏం పని చేస్తవమ్మా?"

"కార్లకు వ్యాక్స్ పెడ్తనమ్మా."

"కొన్నాళ్లు ఆపెయ్."

చెప్పడం ఎంత సులువో. ఆ మందుల చీటీ తీసుకుని అన్న దగ్గరికి వెళ్లి, డాక్టరమ్మ ఇలా అందని చెప్పాను. అన్న చీటీ అటూ ఇటూ తిప్పి చూశాడు. "చూద్దాంలే చెల్లె, ఏదన్న చేద్దాం" అన్నాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే మిషన్ వచ్చింది. మరి నేను ఏమనుకోవాలి?

పార్సిల్ విప్పుతుంటే పండక్కి వచ్చినట్టు చుట్టుపక్కల దుకాణాల వాళ్లు కూడా వచ్చారు. చేతిలో పట్టుకునే మిషన్, ముందు గుండ్రటి చక్రం, ఆ చక్రానికి అంటించే ఉన్ని ప్యాడ్లు, స్పాంజి ప్యాడ్లు, పాత గీతలు పోగొట్టే పేస్టు డబ్బా. అన్న ప్లగ్గు పెట్టి ఆన్ చేస్తే షెడ్డంతా రొద. నేను నవ్వు ముఖంతో దగ్గరికి వెళ్లాను.

"అన్నా, ఎట్ల పట్టుకోవాలె? నాకు చూపియ్యి."

"నీకెందుకే?"

"నేను కాదా పాలిష్ చేసేది?"

"ఇది కరెంట్‌ది. చున్నీ చుట్టుకుంటే ఏమైతది? నువ్వు చెయ్యితోటి మంచిగ చేస్తవ్ కదా. నువ్వు గదే చెయ్యి. దీని జోలికి రాకు."

చున్నీ నేను పనిలోకి దిగే ముందే నడుముకు బిగించి ముడి వేసుకుంటాను. అది ఆయనకు తెలుసు. రోజూ చూస్తాడు. అందరూ చూస్తుంటే పక్కకు జరిగాను. వదిన మ్యాట్లు ఉతుకుతూ తల ఎత్తి నా వైపు చూసి మళ్లీ దించుకుంది.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ వారంలోనే పెయింటర్‌ను పిలిపించి షెడ్డు ముందు బోర్డు రాయించాడు. ఒక వరుసలో మిషన్ పాలిష్. దాని కింద, ఇంకా పెద్ద అక్షరాలతో, చేత్తో వ్యాక్స్ స్పెషల్. స్పెషల్‌కు రేటు ఎక్కువ. ఎక్కువ రేటు పెడితే జనం అదే మంచిదనుకుంటారు కదా. మంచి కార్లున్న వాళ్లంతా స్పెషలే అడగడం మొదలుపెట్టారు. అంతకుముందు కడిగించుకుని పోయేవాళ్లు కూడా బోర్డు చూసి చేత్తో పెట్టమనేవారు. మిషన్ వచ్చాక నా చేతి పని తగ్గలేదు, పెరిగింది. అన్న మాత్రం గన్ పక్కన పెట్టి, టాక్సీలకూ పాత జీపులకూ మిషన్ తిప్పుతూ, మధ్యమధ్య ఎదురుగా ఉన్న హోటల్‌లో చాయ్ తాగుతూ కాలం గడిపేవాడు.

స్పెషల్ అడిగే వాళ్ల మాటలు వింటే ఇంకా మండేది. సత్తుపల్లి వైపు నుంచి వచ్చిన ఒకాయన కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, "మిషన్‌కేం తెలుసండీ, చెయ్యి పడితే ఆ ప్రేమే వేరు" అన్నాడు. నేనప్పుడు ఆయన కారు తలుపు పై భాగం తుడుస్తూ, ఎడమ చేత్తో కుడి మోచేతిని ఎత్తి పట్టుకుని ఉన్నాను. ప్రేమట. ఆయన కారు మీద నాకేం ప్రేమ? ఆయన పేరు కూడా నాకు తెలియదు. ఆ పని ఎప్పుడు అయిపోతుందా, ఇంటికి వెళ్లి వేడినీళ్ల కాపడం ఎప్పుడు పెట్టుకుంటానా అన్నదే నా ధ్యాస.

అందరిలోకీ పట్టుదల మనిషి ఒక పెద్దాయన. బొగ్గు గనిలో చేసి రిటైరైనవాడు. అందరం కాకా అనే పిలిచేవాళ్లం. రిటైరయ్యాక ఇష్టపడి నల్ల కారు కొనుక్కున్నాడు. ఆయన చేతుల మీద చర్మం లోపలే ఉండిపోయిన నీలి మచ్చలుండేవి. దెబ్బ తగిలినప్పుడు బొగ్గు పొడి గాయంలో చేరి, పైన చర్మం మూసుకుపోతే అలా మిగిలిపోతాయట. కారు తెచ్చిన ప్రతిసారీ తన పాత బనియన్లు ఉతికి, మడిచి, సంచిలో తెచ్చేవాడు. నా గుడ్డలు ముట్టనిచ్చేవాడు కాదు. స్టూలు వేసుకుని పక్కనే కూర్చునేవాడు.

"మిషన్ పెట్టొద్దు బిడ్డా" అనేవాడు. "మిషన్ల సంగతి నాకు తెలుసు. మేం లోపల చేతులతోటి బొగ్గు నింపినోళ్లం. మిషన్లు దిగినంక మా జట్టు జట్టునే పక్కకు పెట్టిన్రు. దాని రొద వింటేనే నాకు ఆ రోజులు యాదికొస్తయ్. నా కారుకు మాత్రం చెయ్యే తగలాలె."

ఆయన బాధ నాకు అర్థం కాక కాదు. మా పుట్టింటి వైపు కూడా గనిలో చేసిన వాళ్లున్నారు. కానీ తన మీద మిషన్లు చేసిన అన్యాయానికి బదులు నా భుజంతో తీర్చుకుంటానంటే ఎలా? ఒకరోజు ఓపిక నశించి అడిగేశాను.

"కాకా, నాకు చెయ్యి లేస్తలేదు. డాక్టరమ్మ ఆపమన్నది. ఈసారి పైన కప్పుకు, బానెట్‌కు మిషన్ పెట్టనియ్యి. మిగతాది చెయ్యితోటి చేస్త."

ఆయన నవ్వాడు. చెడ్డగా కాదు, ముద్దుగా నవ్వాడు. అదే నాకు తట్టుకోలేనిదైంది.

"పనన్నంక నొప్పి ఉండదా బిడ్డా? మేం ఎన్ని నొప్పులు పడ్డం. నడుము వంగిపోయినా షిఫ్టు చేసినం. అలవాటైతది."

ఆయన నడుముకు కంపెనీ దవాఖానా ఉండింది. సంఘం ఉండింది. సెలవు చీటీ ఉండింది. నొప్పిని చెప్పుకుంటే వినడానికి జట్టు ఉండింది, ఇప్పుడు దాని గురించి గొప్పగా చెప్పుకునే హక్కు కూడా ఉంది. నాకేముంది? అన్న షెడ్డులో చెల్లెలు చేసే పనికి పని అనే పేరు కూడా లేదు. "మా చెల్లె సాయం చేస్తది" అంటాడు అందరితో. సాయం చేసేవాళ్లకు భుజం పోతే దాన్ని ఏమంటారు? ఇదంతా ఆయనతో అనలేదు. గుడ్డ తీసుకుని ఎడమ చేత్తో తుడవడం మొదలుపెట్టాను. ఎడమ చేత్తో సరిగా రాదు, చారలు పడతాయి. ఆయన చారలు చూపించి మళ్లీ తుడిపించాడు.

శ్రీరామనవమి ముందు మా రోడ్డు ఖాళీ ఉండదు. తిరుమలాయపాలెం నుంచి, వేంసూరు నుంచి, ఎక్కడెక్కడి నుంచో కల్యాణానికి వెళ్లే కార్లు. దారిలో కారు కడిగించుకుని పోవాలని చాలామందికి ముచ్చట. ఆ రద్దీలోనే ఒక పొద్దున కాకా నల్ల కారు తెచ్చాడు. చుట్టాలు వచ్చారట, వాళ్లను భద్రాచలం తీసుకుపోయి, అటు నుంచి పర్ణశాల కూడా చూపించాలట. బజారులో పనుందని, కారు వదిలి ఆటోలో పాల్వంచ వెళ్లాడు. పోతూ పోతూ బనియన్ల సంచి నా చేతిలోనే పెట్టాడు.

నేను మొదలుపెట్టాను. తలుపులు అయ్యాయి. కప్పు మీదికి చెయ్యి చాపాను. భుజంలో ఏదో పట్టేసింది. చెయ్యి అటు పోదు, ఇటు రాదు. కారుకు ఆనుకుని అలాగే నిలబడిపోయాను. వదిన వచ్చి మెల్లగా చెయ్యి దించింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా నాకు ఏడుపు రావడం లేదు, కోపమే వస్తోంది.

అన్న వచ్చి చూశాడు. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి.

"నువ్వు కూసో. నేను మిషన్ ఏస్త."

"ఆయన వద్దన్నడు కదన్నా. ఫోన్ చేసి అడుగు."

"అడిగితె వద్దనే అంటడు. ఆయన వచ్చేసరికి అయిపోతది. ఆయనకేం తెలుస్తది? నువ్వేం చెప్పకు."

ఉన్ని ప్యాడు వేశాడు. పేస్టు రాసి మిషన్ ఆన్ చేశాడు. నెమ్మదిగా చేస్తే ఏమయ్యేదో తెలియదు. ఆయనకు నెమ్మది ఎక్కడిది? ఒక చెవికి ఫోను, భుజంతో నొక్కి పట్టుకుని, ఎవరికో ఇప్పుడే రండి ఖాళీగానే ఉన్నాం అని చెబుతూ, ఒక్క చేత్తో మిషన్ తిప్పుతున్నాడు. బానెట్ మధ్యలో ఎత్తుగా ఒక మడత ఉంటుంది చూడండి, ఆ మడత మీద పెయింటు పలచగా ఉంటుంది. మిషన్ అక్కడ ఒక్క క్షణం ఎక్కువ ఆగినా వేడికి కాలిపోతుంది. ప్లాస్టిక్ కాలిన వాసన నాకు కూర్చున్న చోటికి వచ్చింది. లేచి వెళ్లి చూస్తే ఆ మడత పొడుగునా నలుపు పోయి, అడుగున ఉండే బూడిద రంగు పూత బయటపడింది. అన్న మిషన్ ఆపి, వేలితో రుద్ది, చుట్టూ చూసి, దాని మీద గబగబా వ్యాక్స్ పూశాడు. లేని పెయింటును వ్యాక్స్ ఎక్కడి నుంచి తెస్తుంది? బూడిద రంగు ఇంకా నిగనిగలాడింది, అంతే.

కాకా మధ్యాహ్నం కాకముందే వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ దగ్గర ఆగాడు. నీలి మచ్చలున్న వేలితో ఆ గీతను తడిమాడు.

"ఇదేంది?"

అన్న తడుముకోలేదు. అది నేను ఎప్పటికీ మరిచిపోను. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"చెల్లె చేసింది కాకా. చెయ్యి నొప్పని పొద్దటి నుంచి కోపంగుంది. ఆ కోపంల గట్టిగ రుద్దినట్టుంది. చెయ్యితోనే చేసింది, మిషన్ పెట్టలే."

కాకా నా వైపు తిరిగాడు. ఆ చూపులో నమ్మకం పోయిన బాధ ఉంది. చేతి పని చేసే మనిషే తనను మోసం చేసిందన్నట్టు చూశాడు.

"అన్నా, నా మొఖం చూసి చెప్పు" అన్నాను.

"ఏం చెప్పాలె? లోపలికి పో."

"నా మొఖం చూసి చెప్పు, నేను చేసిన్నా?"

వదిన పరుగెత్తుకొచ్చి నా నోటికి అడ్డంగా చెయ్యి పెట్టబోయింది. "ఊకో పిల్లా. బయటోళ్లున్నరు. ఇంటి ముచ్చట ఇంట్ల మాట్లాడుకుందాం" అని చెవిలో అంది. నేను ఆమె చెయ్యి తీసేశాను. సంచిలోంచి కాకా బనియన్ తీసి ఆయన చేతికే ఇచ్చాను.

"కాకా, ఇగో నీ బనియన్. ఆ పక్క తలుపు మీద ఇట్లనే మడత ఉంది. దాని మీద పొద్దుగూకేదాక రుద్దు. నల్ల రంగు పోతే నన్నడుగు. చెయ్యితోటి పెయింట్ కాలదు. అద్దం కింద చూడు, ఆ తెల్ల చుక్కలు ఏంటియి? మిషన్ తిరిగేటప్పుడు చిమ్మిన పేస్టు. చెయ్యి గట్ల చిమ్మదు."

ఆయన వంగి వైపర్ల దగ్గర చూశాడు. చుక్కలు వరుసగా ఉన్నాయి. నిజం తేలిపోయింది కదా, ఇప్పుడైనా ఈ పెద్దాయన అన్నను నిలదీస్తాడు అనుకున్నాను. ఆయన తిరిగి నన్నే అడిగాడు.

"నువ్వన్న నాకు ఫోన్ చెయ్యొద్దా బిడ్డా? నీకు ఇచ్చి పోయిన కదా. నువ్వు చెప్తే నేను వద్దంటుంటి కదా."

దానికి నాకు వచ్చిన కోపం అన్న మీద కూడా రాలేదు.

"చెప్పిన కాకా. చెయ్యి లేస్తలేదని నీకు ముందే చెప్పిన. గీ స్టూలు మీదనే కూసోని నవ్వినవ్. అప్పుడు నువ్వు విన్నవా?"

ఆయన బనియన్‌ను కారులో పడేశాడు. "మీ ఇంటి లొల్లి నాకెందుకు. నా కారు మాత్రం ఖరాబైంది" అని, ఎవరి ముఖమూ చూడకుండా కారెక్కి వెళ్లిపోయాడు. నేను నడుముకు కట్టిన చున్నీ విప్పి, ముఖం తుడుచుకుని, రోడ్డు పట్టుకుని ఇంటికి నడిచాను. వెనక నుంచి అన్న పిలవలేదు. వెనక కార్ల హారన్లే వినిపించాయి.

ఇంట్లో ఉన్న ఆ రోజుల్లో ప్రతిదాని మీదా కోపమే. గిన్నె చేతిలోంచి జారితే కోపం. కూతురు జడ బిగుతుగా వేస్తే కోపం. ఫోనులో నా భర్త, "పోనియ్యరాదు, అన్ననే కదా" అన్నాడు. అన్న కాబట్టే కదా పోనివ్వలేకపోతున్నది. బయటివాడు ఆ నింద వేస్తే రెండు తిట్టి మరచిపోయేదాన్ని. చిన్నప్పుడు జ్వరం వస్తే నన్ను భుజాన వేసుకుని దవాఖానాకు తీసుకెళ్లిన మనిషి, తన తప్పు నా చేతుల మీద పెట్టడానికి తడుముకోలేదు. ఫోన్ పెట్టేశాను.

ఒక సాయంత్రం వదిన వచ్చింది. తలుపు దగ్గరే ఆపేశాను.

"అన్న పంపిండా?"

"అవ్, పంపిండు. తోల్కరమ్మన్నడు. నేను దానికి రాలే."

"ఆ రోజు నా నోరెందుకు మూసినవ్ వదినా?"

వదిన గుమ్మంలో కూర్చుంది. సాకు చెప్పలేదు. "నేను మళ్ల ఆయనతోనే ఇంటికి పోవాలె కదా. నువ్వు అని నీ ఇంటికి నువ్వు వస్తవ్. నేను యాడికి పోవాలె?" అంది. తర్వాత రెండు చేతులూ నా ముందు చాచింది. షాంపూకూ, చక్రాలు కడిగే మందుకూ వేళ్ల సందులు పగిలి, కొన్నిచోట్ల పచ్చిగా ఉన్నాయి. ఇన్నేళ్లూ పక్కపక్కనే పని చేశాం, ఆమె చేతులు ఎప్పుడూ నీళ్లలోనే ఉండేవి, నేను చూడనే లేదు.

"నువ్వు పోయినంక వ్యాక్స్ నా మీద పడ్డది. నాకు గూడ జబ్బ గుంజుతుంది. మిషన్ అడిగితే నీకెందుకన్నడు. నీకు చెప్పిన మాటనే చెప్పిండు, చున్నీ బదులు కొంగు అన్నడు. గది తాళం నా దగ్గరుంటది. ఆయన పొద్దుగాల జల్దీ లేవడు. మనమే నేర్చుకుందాం రా."

నా కోపం ఆమె మీద పూర్తిగా పోలేదు. అయినా సరేనన్నాను. ఏ రోజని అడిగితే రేపే అంది. మర్నాడు తెల్లవారుతూనే షెడ్డుకు వెళ్లాను.

కార్ల సొట్టలు తీసే డెంటింగ్ షెడ్డు వాళ్లు పారేసిన పాత కారు తలుపు ఒకటి గోడకు ఆనించి ఉంది. దాన్ని రెండు డబ్బాల మీద పడుకోబెట్టి మొదలుపెట్టాం. మొదటిసారి ఆన్ చేయగానే మిషన్ నా చేతుల్లోంచి పక్కకు దూకింది. పేస్టు ఎక్కువ రాశామేమో, ఇద్దరి ముఖాల మీదా చిమ్మింది. వదిన నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పళ్లు బిగించి మళ్లీ పట్టుకున్నాను. ఒక మూల కావాలనే ఆపి ఉంచి, పెయింటు ఎలా కాలుతుందో, కాలే ముందు రేకు ఎంత వేడెక్కుతుందో చేత్తో ముట్టుకుని చూశాం. ఆ తలుపును రేకు బయటపడే దాకా కాల్చాం. అన్న కాకా కారు మీద నేర్చుకున్నది మేం చెత్తలో పడేసిన తలుపు మీద నేర్చుకున్నాం.

రోజూ పొద్దున కాసేపు అదే పని. వేగం తగ్గించి పెట్టడం, ఉన్ని ప్యాడు పక్కన పడేసి స్పాంజి ప్యాడు వాడటం, ఒకచోట ఆగకుండా కదుపుతూనే ఉండటం, మడతలకూ అంచులకూ టేపు అంటించి వాటిని మాత్రం చేత్తో చేయడం. ఆ తర్వాత పైన పూసే వ్యాక్స్‌కు ఒత్తిడే అక్కర్లేదు. మిషన్‌తో గీతలు పోయిన రేకు మీద అది వెన్నలా పాకుతుంది, గుడ్డ ఆనిస్తే చాలు వచ్చేస్తుంది. ఇన్నాళ్లూ పాత గీతల మీదా మరకల మీదా వ్యాక్స్ రుద్ది రుద్ది, అది చేయలేని పనిని నా భుజంతో చేయించారు.

మిషన్ దేవుడేమీ కాదు. బరువుంటుంది. దాని అదురు మోచేతి దాకా వస్తుంది. కారు కప్పు మీద ఇప్పటికీ నేను పెట్టలేను, పీట వేసుకుని వదిన పెడుతుంది. కానీ నడుము ఎత్తున ఉండే బానెట్ మీద బిందెను చంకకు అదిమి పట్టుకున్నట్టు పట్టుకుంటే, భుజం ఎత్తకుండానే పని అయిపోతుంది. ఇది తెలిసిన రోజు నాకు సంతోషం కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. మిషన్ వచ్చిన నాడే నా చేతికి ఇచ్చి ఉంటే?

ఒక పొద్దున అన్న తొందరగా లేచి వచ్చాడు. మేం ఆ పాత తలుపు మీద కాదు, ఒక టాక్సీ బానెట్ మీద చేస్తున్నాం. డ్రైవరు పక్కనే నిలబడి పళ్లు తోముకుంటున్నాడు. అన్న నేరుగా వెళ్లి ప్లగ్గు పీకేశాడు.

"ఎవర్నడిగి తీసిన్రు?"

"నన్నడిగి" అంది వదిన. ఈసారి తల దించుకోలేదు.

"కాలిందనుకో, ఎవరు జిమ్మేదారి?"

"కాలితే నేను కాల్చిన అని చెప్త" అన్నాను. "నీ పేరు చెప్ప."

డ్రైవరు పళ్లు తోమడం ఆపి చూస్తున్నాడు. నేను ప్లగ్గు మళ్లీ పెట్టాను.

"ఇగ నుంచి స్పెషల్ నేనొక్కదాన్నే చెయ్య. చెయ్యే కావాలనేటోళ్లకు నువ్వు చెయ్యి. నీకు గూడ చెయ్యి ఉంది కదా."

"నా కస్టమర్లు ఒప్పుకోరు."

"నువ్వు చేస్తే ఎందుకు ఒప్పుకోరు? చెయ్యేగా వాళ్లకు కావాల్సింది."

ఆయన ఎదురు హోటల్‌కు వెళ్లిపోయాడు. క్షమించమని ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు. కానీ మళ్లీ ప్లగ్గు పీకలేదు. చేత్తోనే కావాలన్న వాళ్లకు కొన్నాళ్లు ఆయనే వ్యాక్స్ పెట్టాడు. నాలుగైదు కార్లయ్యాయో లేదో మెడ పట్టేసిందని నూనె రాయించుకున్నాడు. ఇక ఆ తర్వాత వినాలి ఆయన మాటలు. స్పెషల్ అడిగిన వాళ్లకు తానే ఎదురు చెప్పడం మొదలుపెట్టాడు. "మిషన్ ఏం చెయ్యదు సార్, పద్ధతిగ పెడితే చెయ్యి కన్న నయం. అంచులు చెయ్యితోటి చేస్తం" అంటాడు. నేను నెలల తరబడి చెబితే చెవికెక్కని మాట ఆయన మెడ చెబితే కొద్ది రోజుల్లో ఎక్కింది. అది విన్నప్పుడల్లా చేతిలో ఉన్న గుడ్డ ఆయన ముఖం మీద కొట్టాలనిపిస్తుంది. ఇప్పటికీ అనిపిస్తుంది.

కాకా మళ్లీ మా షెడ్డుకు రాలేదు. బానెట్‌కు ఎక్కడో రంగు వేయించుకున్నాడని విన్నాను. వానాకాలంలో ఒకసారి పాల్వంచ దవాఖానా మెట్ల దగ్గర కలిశాడు. నేను తల తిప్పుకుని పోబోతుంటే తనే ఆగాడు.

"చెయ్యి ఎట్లుంది బిడ్డా?"

ఆ ప్రశ్న అన్న అడగలేదు. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా అడగలేదు. ఈయన అడిగాడు. అడగాల్సినప్పుడు అడగకుండా ఇప్పుడు అడిగాడు. ఏం చెప్పాలి? "చెవి దాటింది కాకా, నెత్తి దాక రాలే" అన్నాను. ఆయన తల ఊపి, మందుల దుకాణం వైపు వెళ్లిపోయాడు.

మొన్న ఒక తెల్ల కారు వచ్చింది. కొత్తది. బానెట్ నిండా పసుపు మరక. వదిన మిషన్ ఆన్ చేసి పని మొదలుపెట్టింది, నేను అంచులకు టేపు అంటిస్తున్నాను. కారు ఆయన మా ఇద్దరినీ చూసి, షెడ్డు లోపలికి తొంగి చూసి, నా దగ్గరికి వచ్చాడు.

"మిషన్ మీద మగోళ్లెవరూ లేరా?"

రొదలో వదినకు ఆ మాట వినిపించలేదు. ఆమె చెయ్యి ఆగకుండా బానెట్ మీద అటూ ఇటూ పోతూనే ఉంది.

"ఉన్నడు. చాయ్ తాగనీకి పోయిండు" అన్నాను. "ఆయనే కావాల్నంటే ఆపిస్త. గాని ఎప్పుడొస్తడో తెల్వదు, ఎండల కూసోవాలె."

ఆయన రోడ్డు అవతల హోటల్ వైపు చూశాడు, మళ్లీ వదిన చేతుల వైపు చూశాడు. చివరికి వెళ్లి నీడలో ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను టేపు చింపి రెండో తలుపు అంచుకు అంటించడం మొదలుపెట్టాను.